నికోడిమస్ (కాన్సస్): రైలు రాకపోయినా మిగిలిన ఊరు

ప్రయాణి_కాన్సస్ (ఓవర్‌ల్యాండ్ పార్క్)

అందరికీ నమస్కారం. కాన్సస్ సిటీ నుంచి డెన్వర్‌కి కారులో వెళ్లేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఐ-70 మీద హేస్ దాటాక గోధుమ పొలాలు, ఆకాశం తప్ప చూడ్డానికేమీ లేదని అనుకుంటూ వెళ్లిపోతాం. ఆ హైవేకి ఉత్తరంగా, గ్రాహం కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది), యూఎస్ 24 రోడ్డు పక్కన నికోడిమస్ అనే చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 14 మంది. మేయర్ లేడు, కౌన్సిల్ లేదు, ఊరికంటూ మున్సిపాలిటీ ఎప్పుడూ లేదు.

ఆ ఊరిని 1877లో కట్టుకున్నది కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు. అంతకు పన్నెండేళ్ల ముందు దాకా వాళ్లలో చాలామంది బానిసలు. కొత్తగా స్వేచ్ఛ పొందినవాళ్లు మిసిసిపీ నదికి పడమట కట్టుకున్న ఊళ్లలో, ఆ రోజుల నుంచి నేటిదాకా మిగిలింది ఇదొక్కటేనని నేషనల్ పార్క్ సర్వీసు చెబుతుంది. 1976లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు, 1996 నవంబరులో జాతీయ చారిత్రక స్థలం చేశారు.

ఈ ఊరి కథ ఎక్కడ చదివినా ఒకే తీరుగా ఉంటుంది: ఊరు బాగా పెరిగింది, రైలు వస్తుందనుకున్నారు, రాలేదు, ఊరు పోయింది. నాకు ఇది సగం కథే అనిపిస్తుంది. రైలు రాని ఊళ్లు ఆ చుట్టుపక్కల చాలానే ఉండేవి. వాటిలో ఎన్నో పేరు కూడా లేకుండా పోయాయి. ఇది ఎందుకు మిగిలింది? ఈ దారంలో దాని గురించే మాట్లాడుకుందాం. తెలిసినవాళ్లు రాయండి.

---

రెవిన్యూ_రికార్డు (ఖమ్మం)

మంచి విషయం ఎత్తుకున్నారండీ. ముందు ఒక సందేహం. మున్సిపాలిటీ ఎప్పుడూ లేదంటున్నారు, మరి ఊరెలా అయింది? మన దగ్గర పెద్ద ఊరి పంచాయతీ కింద మజరా గ్రామాలుంటాయి. శివారు గ్రామం అంటాం. రికార్డుల్లో తల్లి గ్రామం పేరే ఉంటుంది, జనం నోట్లో మాత్రం దీనికి వేరే పేరుంటుంది. తెలంగాణలో 2018 చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి, అంతకుముందు అవన్నీ ఇలాంటివే. నికోడిమస్ కూడా ఆ కోవలోదేనా?

---

పాతపటాలు (చికాగో)

రెవిన్యూ గారూ, దగ్గరదగ్గరగా అదే. ఒక తేడా ఉంది. మజరాకి పైన తల్లి గ్రామం ఉంటుంది, ఇక్కడ అలాంటి పెద్దూరు ఉండదు. నేరుగా కౌంటీయే. పోలీసంటే కౌంటీ షెరీఫ్, రోడ్లంటే కౌంటీ, దాని కింది చిన్న విభాగమైన టౌన్‌షిప్. ఒక ఊరు చట్టప్రకారం నగరం కావాలంటే జనం అడిగి తెచ్చుకోవాలి. అడగకపోతే పేరుంటుంది, పటంలో చుక్క ఉంటుంది, సొంత ప్రభుత్వం ఉండదు. అమెరికా పల్లెల్లో ఇలాంటి చోట్లు కోకొల్లలు.

నికోడిమస్‌ని మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, ఒక టౌన్ కంపెనీ. డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి నాయకుడు, ఇంకొందరు కలిసి 1877లో పెట్టారు. 160 ఎకరాల్లో లేఅవుట్ గీశారు. అప్పటికి అక్కడ ఒక్క ఇల్లు లేదు. కరపత్రాలు అచ్చువేయించి కెంటకీలో, ముఖ్యంగా లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ వైపు చర్చిల్లో పంచారు. ప్లాటు 5 డాలర్లు. మన హైదరాబాదు శివార్లలో వెంచర్లు ఎలా అమ్ముతారో తెలిసినవాళ్లకి ఆ కరపత్రాల్లో ఏం రాసుంటారో నేను వేరే చెప్పక్కర్లేదు.

సొంతంగా పొలం కావాలంటే మాత్రం 1862 నాటి హోంస్టెడ్ చట్టం ఉంది. 160 ఎకరాల దాకా తీసుకోవచ్చు. ఇల్లు వేసుకుని, సాగుచేస్తూ ఐదేళ్లు కాపురముంటే పట్టా చేతికొస్తుంది. అసలు ఆకర్షణ అదే. బానిసగా పుట్టిన మనిషికి 160 ఎకరాల పట్టా!

---

లక్ష్మి_డెన్వర్

నేను ఈ ఊరి గురించి చదివినప్పుడల్లా ఆ మొదటి చలికాలం దగ్గరే ఆగిపోతాను. అందుకే దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

1877 సెప్టెంబరులో దాదాపు 300 మంది ఒకే జట్టుగా వచ్చారు. రైలు ఎల్లిస్ దాకే. అక్కణ్ణించి సామాను మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుంటూ ఉత్తరానికి నడక. వచ్చి చూస్తే ఊరు లేదు. కెంటకీ అంటే చెట్లు, వాగులు, ఆకుపచ్చ కొండలు. ఇక్కడ కనుచూపు మేర గడ్డి, గాలి. కొన్ని కుటుంబాలు వచ్చిన మర్నాడే వెనక్కి తిరిగాయి. హిల్ మీద జనం తిరగబడ్డారు.

మరుసటి ఏడాది వసంతంలో జార్జ్‌టౌన్ నుంచి విలియానా హిక్‌మన్ అనే ఆవిడ భర్తతో, పిల్లలతో వచ్చింది. ఆ రోజు గురించి తర్వాత ఆవిడే చెప్పింది. దూరంగా చూసిన మగవాళ్లు అదిగో నికోడిమస్ అని కేకలేస్తుంటే ఆవిడకి ఏమీ కనపడలేదట. ఎక్కడ అని అడిగితే నేలలోంచి లేస్తున్న పొగ చూపించారట. ఇళ్లన్నీ నేలలోనే. చూసి ఏడ్చేశానని దాచుకోకుండా చెప్పింది.

ఆ ఇళ్లని డగౌట్ అంటారు. వాగు గట్టుకో, మిట్ట పక్కకో గుహలాగా తవ్వి, ముందువైపు తలుపు పెట్టి, పైన కర్రలు, కంప పరిచి, గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు కప్పుతారు. ఒక మూల పొయ్యి, పొగ పోవడానికి పైన కన్నం. వానొస్తే బురద కారుతుంది, ఎండ కాస్తే మట్టి రాలుతుంది. వంటచెరుకు లేదు. ఎండిన పేడ, పొద్దుతిరుగుడు కాడలు కాల్చుకునేవారు. ఊరు మొత్తానికి గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకని పారలతో, గునపాలతో ఆ గడ్డినేల తవ్వి విత్తారు. శతాబ్దాలుగా దున్నని నేల అది, వేళ్లు అల్లుకుపోయి ఉంటుంది. పారతో ఒక మట్టిపెళ్ల తిరగేసి చూడండి, భుజాలకే అర్థమవుతుంది.

అలాంటి ఒక డగౌట్‌లోనే 1877 అక్టోబరులో ఎమ్మా విలియమ్స్ అనే తల్లికి కొడుకు పుట్టాడు. ఆ ఊళ్లో పుట్టిన మొదటి బిడ్డ, హెన్రీ. మంత్రసాని ఎవరో, వేడినీళ్లు ఎక్కడ కాచారో, బాలింతని ఎక్కడ పడుకోబెట్టారో... ఊరి చరిత్ర అంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఇవే.

ఆ చలికాలం తిండి లేనప్పుడు, వేట నుంచి తిరిగెళ్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లు తమ మాంసంలో భాగమిచ్చారని ఆ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. దక్షిణాదిలో ఓడిన రాష్ట్రం నుంచి వచ్చిన మాజీ బానిసలకి, సొంత నేల పోగొట్టుకున్నవాళ్లు అన్నం పెట్టారు. ఓసేజ్‌లని కాన్సస్ నుంచి దక్షిణానికి తరిమేసి అప్పటికి ఐదారేళ్లే అయింది.

---

పాతపటాలు (చికాగో)

లక్ష్మి గారూ, బాగా రాశారు. ఒక్క సవరణ. కెంటకీ ఓడిన రాష్ట్రం కాదు. అంతర్యుద్ధంలో అది యూనియన్ వైపే, అంటే గెలిచిన ఉత్తరాది వైపే నిలబడింది. అందువల్లే అక్కడి బానిసలకి ఇంకా అన్యాయం జరిగింది. లింకన్ 1863 నాటి బానిస విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. కెంటకీలో బానిసత్వం చట్టప్రకారం పోయింది 1865 డిసెంబరులో, రాజ్యాంగం 13వ సవరణతో. కెంటకీ శాసనసభ దాన్ని ఆమోదించడానికి అప్పట్లో ఒప్పుకోలేదు కూడా. తర్వాత 1877లో దక్షిణాది రాష్ట్రాల నుంచి కేంద్ర సైన్యం వెనక్కి వెళ్లిపోయింది. నల్లజాతివాళ్లకి ఇక మనల్ని కాపాడేవాళ్లు లేరన్న భయం పట్టుకుంది. కాన్సస్ అంటే బానిసత్వాన్ని అడ్డుకున్న రాష్ట్రమని, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ పోరాడిన చోటని పేరు. 1879లో వేలమంది కాన్సస్‌కి వలసొచ్చారు, వాళ్లని ఎక్సోడస్టర్లు అంటారు. నికోడిమస్ వాళ్లు వాళ్లకంటే రెండేళ్లు ముందు.

---

మెట్టసేద్యం (అనంతపురం)

నేను చరిత్రకారుణ్ణి కాదు, రైతు కుటుంబం. మీరంతా రైలు, చట్టం అంటున్నారు. వాన గురించి ఎవరూ మాట్లాడలేదు.

నికోడిమస్ ఎక్కడుందో పటంలో చూశాను. 100 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి కొద్దిగా తూర్పున. ఆ గీత అమెరికా వ్యవసాయంలో చాలా పెద్ద గీత. దానికి తూర్పున వాన మీద ఆధారపడి సేద్యం చేసుకోవచ్చు, పడమట నీళ్లు పెట్టకపోతే కష్టమని జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1878లోనే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఏడాదికి 20 అంగుళాల వాన దగ్గర ఆయన గీత గీశాడు. అంటే సుమారు 500 మిల్లీమీటర్లు. నికోడిమస్ వైపు వర్షపాతం దానికి కాస్త పైన. మా అనంతపురం సగటు 550 దగ్గర ఉంటుంది. అంటే ఇంచుమించు మా వానే!

అందుకే ఆ కష్టం నాకు బాగా అర్థమవుతుంది. సగటు అనేది రైతుకి పనికొచ్చే మాట కాదు. ఒక ఏడు 700 పడి, తర్వాతి ఏడు 350 పడితే సగటు బాగానే ఉంటుంది, రైతు మాత్రం అప్పులపాలవుతాడు. పైగా అక్కడ మనకి లేని గోల ఇంకోటి ఉంది, చలి. నేల గడ్డకడుతుంది. ఆ చలినే వాడుకుని చలికాలపు గోధుమ పండిస్తారు: సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తి, మంచు కింద పైరుని నిద్రపుచ్చి, జూన్, జులైల్లో కోస్తారు. రష్యా నుంచి వచ్చిన మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు 1874లో ఆ రకం గోధుమని కాన్సస్‌కి తెచ్చారు.

కానీ కెంటకీ నుంచి వచ్చినవాళ్లకి తెలిసిన సేద్యం వేరు. పొగాకు, జనపనార (హెంప్), మొక్కజొన్న. మంచి వాన, మంచి చెట్టు ఉన్న చోట నేర్చుకున్న పని. వాన చాలని నేల మీద 160 ఎకరాలు ఇవ్వడమంటే చూడ్డానికి ఉదారంగా ఉంటుంది గానీ, ఆ నేలలో ఒక కుటుంబం బతకడానికి అంత చాలదు. పావెల్ కూడా ఇదే అన్నాడు, పొడి నేలల్లో పచ్చిక మీద బతకాలంటే ఇంకా ఎన్నో రెట్లు కావాలని. చట్టం చేసినవాళ్లు తూర్పు తీరపు వానలో కూర్చుని చేశారు. నా దృష్టిలో ఊరు చిన్నదైపోవడానికి మొదటి కారణం ఇదే, రైలు తర్వాత.

---

ప్రయాణి_కాన్సస్ (ఓవర్‌ల్యాండ్ పార్క్)

మెట్టసేద్యం అన్నా, నేను వెతుకుతున్న మాట మీరు చెప్పారు. మా పక్క కౌంటీలన్నీ తిరిగి చూస్తే అదే కనబడుతుంది. తెల్లవాళ్ల ఊళ్లు, రైలొచ్చిన ఊళ్లు కూడా బక్కచిక్కిపోయాయి. గ్రాహం కౌంటీ మొత్తం అలాగే ఉంది. ట్రాక్టరు పెద్దదయ్యేకొద్దీ కమతం పెద్దదవుతుంది, ఇళ్లు తగ్గుతాయి.

అయినా రైలు కథ కూడా చెప్పుకోవాలి, అది చిన్న విషయం కాదు. 1880ల మధ్యకి వచ్చేసరికి డగౌట్ల చోట సున్నపురాయి కట్టడాలు లేచాయి. దుకాణాలు, హోటల్, చర్చిలు, బడి. జకరీ ఫ్లెచర్ మొదటి పోస్ట్‌మాస్టర్, సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ ఆయనదే. భార్య జెన్నీ ఆ ఊరి మొదటి పంతులమ్మ. రెండు పత్రికలు ఉండేవి: 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడిమస్ ఎంటర్‌ప్రైజ్. కొన్ని వందలమంది ఉన్న ఊరికి రెండు పత్రికలు! ఎడ్వర్డ్ మెకేబ్ 1878లో ఇక్కడికొచ్చి స్థిరపడి, 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. ఆ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1884లో మళ్లీ గెలిచాడు.

1887లో మిస్సోరీ పసిఫిక్ రైలు తమ ఊరికి రావాలని 16,000 డాలర్ల బాండ్లకి ఓటేశారు. అంటే ఆ డబ్బు తామే పన్నుల్లో కడతామని. పారలతో నేల తవ్విన పదేళ్లకే అంత మాట ఇవ్వగలిగారు. ఆ రైలు తూర్పున స్టాక్‌టన్ దగ్గరే ఆగిపోయింది. 1888లో యూనియన్ పసిఫిక్ వచ్చింది గానీ, సోలమన్ నది దక్షిణపు పాయకి అవతలి గట్టున వేసింది. కొన్ని మైళ్ల దూరంలో పట్టాల పక్కన బోగ్ అనే ఊరు పుట్టింది. నికోడిమస్ వ్యాపారులు ఒక్కొక్కరే దుకాణాలు అక్కడికి మార్చుకున్నారు.

---

సిరిసిల్ల_అమ్మాయి (మాన్‌హటన్, కాన్సస్)

అందరూ చెప్పింది చదివాను. నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

14 మంది ఉన్న చోటుని "మిగిలిన ఊరు" అనడం ఎంతవరకు సబబు? 1953లో పోస్టాఫీసు మూతపడింది. బడి పోయింది. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. ప్రభుత్వం బోర్డు పెట్టి, ఐదు పాత కట్టడాలకి రక్షణ ఇచ్చినంత మాత్రాన ఊరు బతికున్నట్టా? మా ఊళ్లో మగ్గాలు ఆగిపోయిన వీధులు చూశాను. ఇళ్లు ఉంటాయి, తాళాలు వేసి ఉంటాయి. అక్కడ ఊరుందని పైవాళ్లు అంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. మా కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో వెరిల్ స్విట్జర్ పేరు తెలియనివాళ్లు ఉండరు. 1932లో నికోడిమస్‌లో పుట్టాడు. ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, 1954లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్) జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికగా గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకి వెళ్లాడు. తర్వాత ఇదే యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 2022లో పోయాడు. అంత చిన్న ఊరు నుంచి అలాంటి మనిషి రావడం నిజంగా గొప్ప. కానీ ఆయన కూడా ఊరు వదిలితేనే కదా పైకొచ్చింది?

---

లక్ష్మి_డెన్వర్

సిరిసిల్ల అమ్మాయీ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం చెబుతాను, నచ్చకపోతే వాదించు.

ఏటా జులై చివరి వారాంతంలో నికోడిమస్‌లో హోమ్‌కమింగ్ జరుగుతుంది. మొదట్లో దాన్ని ఆగస్టు 1న విముక్తి దినంగా జరుపుకునేవాళ్లు. 1834లో ఆ తేదీన బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయింది. స్క్రగ్స్ గ్రోవ్ అనే తోపులో విందులు, బేస్‌బాల్ ఆటలు, ప్రసంగాలు నడిచేవి. ఇప్పుడు డెన్వర్, కాన్సస్ సిటీ, కాలిఫోర్నియా నుంచి ఆ కుటుంబాలవాళ్లు వస్తారు. మా డెన్వర్‌లోనే నికోడిమస్ మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జనాభా లెక్కలవాళ్లు ఏప్రిల్ 1న ఎవరు ఎక్కడ ఉంటున్నారో రాసుకుంటారు. ఊరితో సంబంధం ఉన్నవాళ్లని లెక్కపెట్టే కాలమ్ వాళ్ల దగ్గర లేదు.

మగ్గాల వీధి సంగతి నువ్వు చెప్పింది నాకు తెలుసు. జాతరకి వచ్చేవాళ్లుంటే ఊరు బతికున్నట్టేనా అంటే, ఆ మాట నేనూ అనలేను. పొలం మీద ఆదాయం లేకపోతే ఎవరూ ఉండరు. కానీ వీళ్లు పండక్కి మాత్రమే రావట్లేదు. 1988లో ఊరివాళ్లే హిస్టారికల్ సొసైటీ పెట్టుకుని, ఆ జాతీయ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి వెంటపడి సాధించారు. బోర్డు ప్రభుత్వం తనంతట తాను వచ్చి పెట్టింది కాదు.

---

రెవిన్యూ_రికార్డు (ఖమ్మం)

ఇంతసేపు చదివాక నాకు తోచింది చెబుతాను. ఉద్యోగమంతా భూమి కాగితాలతోనే గడిచింది కాబట్టి నా చూపు అటే పోతుంది.

ప్రయాణి గారు అడిగిన ప్రశ్నకి సమాధానం పాతపటాలు గారి మొదటి జవాబులోనే ఉంది. పట్టా. దుకాణదారుడు దుకాణం ఎత్తుకుని బోగ్‌కి పోగలడు, ఎందుకంటే అతని సంపద సరుకులో, గిరాకీలో ఉంది. 160 ఎకరాలకి పట్టా తెచ్చుకున్న రైతు ఎక్కడికి పోతాడు? రైలు నదికి ఏ గట్టున పోయినా అతని పొలం అతని పొలమే. ఊరు నడిబొడ్డు ఖాళీ అయినా చుట్టూ సేద్యం చేసే కుటుంబాలు మిగిలాయి, చర్చికి, పెళ్లికి, చావుకి వచ్చే చోటు నికోడిమస్సే అయింది. ఇప్పుడు ఉన్న చర్చి భవనాల్లో ఒకటి, ఫస్ట్ బాప్టిస్టుది, కట్టింది 1907లో. రైలు చేజారిన ఇరవై ఏళ్లకి! బడి భవనం 1918. టౌన్‌షిప్ హాల్ 1939, డబ్ల్యూపీఏ పథకం కింద, మన కరువు పనుల్లాంటిది. పోయిన ఊరైతే ఇవెవరు కడతారు? కాబట్టి రైలుతో ఊరు పోయిందన్న కథకి ఈ తేదీలే జవాబు.

దక్షిణాదిలోనే కౌలుకి చేసుకుంటూ ఉండిపోయినవాళ్లతో పోల్చి చూడండి. వాళ్లకి పంట పండినా అప్పు తీరేది కాదు, దొర పొమ్మంటే పోవాలి. చేతిలో కాగితం ఉన్నవాడి ఊరికీ లేనివాడి ఊరికీ తేడా అక్కడుంది. మజరా పంచాయతీ కావడం మంచిదే, కానీ ఆఫీసు ముందా, పట్టా ముందా అని నన్నడిగితే పట్టానే అంటాను.

---

మెట్టసేద్యం (అనంతపురం)

ఒప్పుకుంటాను, కానీ ఒక షరతు. పట్టా ఉన్నా కరువు, అప్పు కలిస్తే అది చేతిలో నిలవదు. 1930ల్లో ఆ మైదానాల మీద దుమ్ము తుపానులు లేచాయి, గోధుమ ధర కూలింది. ఊరు బాగా పలచబడింది అప్పుడే. అదీగాక అమెరికాలో నల్లజాతి రైతులకి వ్యవసాయ శాఖ అప్పుల్లో వివక్ష చూపిందని కోర్టులో కేసు నడిచి, 1999లో ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకుంది. అది దేశం మొత్తానికి సంబంధించిన కేసు. వాన చాలని చోట, బ్యాంకు కూడా సరిగ్గా చూడని రైతులు నూరేళ్లు దాటి నేల పట్టుకుని ఉన్నారంటే నేను వాళ్లకి దండం పెడతాను.

---

సిరిసిల్ల_అమ్మాయి (మాన్‌హటన్, కాన్సస్)

1907, 1918, 1939 తేదీలు నేను ఆ కోణంలో చూడలేదు అంకుల్. ఆ వాదన బలంగానే ఉంది. ఇప్పటి సంగతికి మాత్రం నా అనుమానం అలాగే ఉంది: వచ్చే ఇరవై ఏళ్లలో అక్కడ కాపురముండే కుటుంబం ఒక్కటైనా ఉండాలి, లేకపోతే మిగిలేది మ్యూజియం. సరే, జులైలో హోమ్‌కమింగ్‌కి బయటివాళ్లు వెళ్లొచ్చా? దారి ఎలా?

---

ప్రయాణి_కాన్సస్ (ఓవర్‌ల్యాండ్ పార్క్)

వెళ్లొచ్చు అమ్మా, బయటివాళ్లు కూడా వస్తారు. కార్యక్రమం తేదీలు ముందే చూసుకో. మీ మాన్‌హటన్ నుంచైతే ఐ-70 మీద హేస్ దాకా పోయి, యూఎస్ 183 మీద ఉత్తరానికి స్టాక్‌టన్, అక్కణ్ణించి యూఎస్ 24 మీద పడమటికి తిరిగితే చాలు. డెన్వర్ నుంచి వచ్చేవాళ్లు వాకీనీ దగ్గర దిగి యూఎస్ 283 మీద హిల్ సిటీ, అక్కణ్ణించి తూర్పుకి. హిల్ సిటీకి ఆ పేరు మొదట్లో చెప్పుకున్న భూవ్యాపారి హిల్ వల్లే వచ్చింది, కౌంటీ కేంద్రం ఇప్పుడు అదే.

పెట్రోలు హేస్‌లోనో హిల్ సిటీలోనో పోయించుకోండి, తిండి, నీళ్లు కూడా తీసుకెళ్లండి. ముందు టౌన్‌షిప్ హాల్‌కి వెళ్లండి, పార్క్ సర్వీసు సందర్శకుల కేంద్రం నడిచేది అందులోనే. మిగతా కట్టడాల్లో కొన్ని ఇప్పటికీ సొంతదారుల చేతుల్లో ఉన్నాయి, అడగకుండా ఆవరణలోకి పోకండి. లక్ష్మి గారూ, మీరు ఈసారి డెన్వర్ నుంచి వచ్చేట్టయితే చెప్పండి, మేమూ బయల్దేరతాం.